ఇంటి జాగా, ఊపిరితిత్తుల ఆరోగ్యం: వికారాబాద్, తాండూరు పట్టణాల చరిత్ర చెప్పే పాఠం



ఈ మధ్య తాండూరు వైపు నుంచి పాత పరిచయస్థులొకరు ఫోను చేశారు. ముందుగా తమ రక్తపోటు మాత్రల సంగతి అడిగారు. ఆ మాట ముగిశాక కొంచెం మొహమాటంగా, "డాక్టరు గారూ, అబ్బాయి కోసం ఒక ప్లాటు చూశాం. ఇది మిమ్మల్ని అడగవలసిన విషయం కాదు. అయినా మీరు ఈ ప్రాంతంలో పనిచేసినవారు కదా, ఆ జాగా మంచిదేనా?" అన్నారు.

అది నన్ను అడగవలసిన విషయమే. నిజానికి రక్తపోటు కన్నా ముందుగా అడగవలసిన విషయం. కానీ ఆ సంగతి గ్రహించడానికి నాకు ముప్పై ఏళ్ల సర్కారు నౌకరీ పట్టింది. ఏ స్థలంలో ఇల్లు ఉండవచ్చు, ఏ స్థలంలో కర్మాగారం ఉండవచ్చు, ఏది పొలంగానే మిగలాలి అని నిర్ణయించే పనిని మనం పట్టణ ప్రణాళిక అంటాం. అది ఇంజనీర్లకూ రెవెన్యూ అధికారులకూ సంబంధించిన వ్యవహారమని మన నమ్మకం. చరిత్ర తిరగేస్తే అది వైద్యశాఖ ఇంట పుట్టి, తరువాత వేరుపడిన బిడ్డ అని తెలుస్తుంది. ఆ కథను వికారాబాద్, తాండూరు అనే రెండు పట్టణాల మీదుగా చెప్పడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ఒకే రైలు దారి, రెండు ఊళ్లు

1874లో వాడి నుంచి సికింద్రాబాదు వరకు నిజాం రైలు మార్గం ప్రారంభమైంది. ఆ దారిలో తాండూరు, వికారాబాద్ రెండూ స్టేషన్లు. వికారాబాద్ పేరు పాయెగా ప్రభువు, 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్య ప్రధానిగా ఉన్న వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదుగా వచ్చింది. పక్కనే అనంతగిరి కొండలు, పద్మనాభస్వామి ఆలయం, మూసీ నది పుట్టుక. తాండూరు ఆ రోజుల్లో గుల్బర్గా జిల్లాలోని తాలూకా కేంద్రం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 1978లో రెండు పట్టణాలూ కొత్తగా ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లాలోకి వచ్చాయి.

రైలు ఒకటే అయినా రెండు ఊళ్లకూ అది తెచ్చిన బతుకు వేరు. వికారాబాద్‌కు గాలి కోసం జనం వచ్చారు. తాండూరు నుంచి రాయి బయటికి వెళ్లింది. ఒక ఊరికి గాలి ఆస్తి, మరొక ఊరికి భూమి కింది బండ ఆస్తి. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలని మనవి.

రైలుకు ముందు మన ఊళ్లకు ప్రణాళిక లేదనుకోవడం పొరపాటు. కుమ్మరి ఆవము ఎక్కడ ఉండాలి, తోళ్లు నానబెట్టే లంద ఎక్కడ ఉండాలి, వల్లకాడు ఏ దిక్కున ఉండాలి అన్నది ఆనవాయితీ నిర్ణయించేది. గాలి వాటం, నీటి వాలు చూసి ఏర్పరచిన పద్ధతి అందులో కొంత ఉంది. కానీ వైద్యుడిగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఏర్పాటులో దుర్గంధం, మురుగు, ఈగలు ఎవరి వాకిట చేరాలో కూడా ముందే నిర్ణయమై ఉండేది. ఊరు ఒకవైపు, వాడ ఒకవైపు. ఊరి ఆరోగ్యాన్ని కాపాడిన గీతే వాడ ఆరోగ్యాన్ని బలిగొన్నది. స్థలాల విభజనకు ఈ రెండు ముఖాలూ మొదటి నుంచీ ఉన్నాయి. ఆధునిక చట్టాలు వచ్చాక కూడా రెండవ ముఖం పూర్తిగా మాసిపోలేదు.

అంటువ్యాధి నేర్పిన పాఠం

పట్టణ ప్రణాళిక చట్టాలకు మూలం అంటువ్యాధులు. ఇంగ్లండులో 1842లో ఎడ్విన్ చాడ్విక్ శ్రామికుల నివాస ప్రాంతాల పారిశుధ్యంపై నివేదిక సమర్పించారు. జబ్బుకూ ఇంటికీ, మురుగుకూ మరణానికీ ఉన్న సంబంధాన్ని అది ప్రభుత్వం ముందుంచింది. 1848లో అక్కడ మొదటి ప్రజారోగ్య చట్టం వచ్చింది. ఆ దారిలోనే 1909లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. 1916లో న్యూయార్క్ నగరం తన భూమి అంతటినీ నివాస, వ్యాపార, తదితర మండలాలుగా విభజించింది.

మన దేశంలోనూ అంతే. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. రెండేళ్లకు, 1898లో, గాలి వెలుతురు లేని ఇరుకు వీధులను విడదీయడానికి బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలు తీసింది. ఆ తరువాత 1911లో ప్లేగు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, కిక్కిరిసిన బస్తీలను తొలగించి, వెడల్పయిన వీధులతో, గాలి వచ్చే ఇళ్లతో కొత్త నివాస ప్రాంతాలు నిర్మించింది. వరద నివారణకు, తాగునీటికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అనంతగిరిలో పుట్టిన నది హైదరాబాదు నగర నిర్మాణాన్ని మార్చివేసిందని చెప్పవచ్చు.

మద్రాసు రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళిక చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అదే చట్టం తెలంగాణకూ విస్తరించింది. పేరు మారినా ఇప్పటికీ తెలంగాణ పట్టణ ప్రణాళిక చట్టం, 1920గా అమలులో ఉంది. ఈనాడు ఒక చిన్న పట్టణంలో పొలాన్ని నివాస ప్రాంతంగా మార్చే ఫైలు మీద కనిపించే చట్టం, శతాబ్దం కిందట అంటువ్యాధుల నీడలో తయారైనదే.

అనంతగిరి: గాలిని మందుగా భావించిన కాలం

క్షయకు మందు లేని రోజుల్లో వైద్యులు గాలినే మందుగా రాసేవారు. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని కనుగొన్నారు. కానీ దానిని చంపే స్ట్రెప్టోమైసిన్ బయటపడడానికి 1943 దాకా ఆగవలసి వచ్చింది. ఈ అరవై ఏళ్ల వ్యవధిలో శానటోరియమే దిక్కు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలాగే వెలసింది. నిజాం పాలన చివరి దశలో అనంతగిరి కొండల మీద క్షయ శానటోరియం వచ్చింది. చెట్ల మధ్య, పొడవైన వరండాలతో, మంచాన్ని గాలికి ఎదురుగా వేసే కట్టడాలు అవి.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ స్థలాన్ని ఎంచినవారు ధరను బట్టి ఎంచలేదు. గాలిని, ఎత్తును, జనావాసం నుంచి దూరాన్ని చూసి ఎంచారు. భూమిని దేనికి వాడాలనే నిర్ణయంలో వైద్యుడి మాట చెల్లిన కాలం అది.

ఆ తరువాత శాస్త్రం ముందుకు సాగింది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. 1959లో వెలువడిన దాని అధ్యయనం ప్రపంచ వైద్యాన్నే మార్చింది. పేదవారి ఇరుకు ఇళ్లలో ఉండి మందులు వాడిన రోగులు, శానటోరియంలో మంచి తిండితో, విశ్రాంతితో ఉన్న రోగులు దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లో ఉంచి చికిత్స చేసినందువల్ల కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కలగలేదు. క్రమం తప్పకుండా వేసుకునే మాత్రే ముఖ్యం, కొండ గాలి కాదు అని రుజువైంది.

ఇది గొప్ప విజయం. లక్షలాది పేదలకు ఇల్లు విడవకుండా వైద్యం అందింది. అయితే దీని వెనుక మేము గమనించని పరిణామం ఒకటి ఉంది. రోగి మంచం కొండ దిగి ఇంటికి చేరింది. అంటే ఇల్లే ఆసుపత్రి గది అయింది. ఆ ఇంటి చుట్టూ ఉన్న గాలిని గురించి మరింత శ్రద్ధ చూపవలసిన సమయంలోనే, మందు దొరికింది కదా అని వైద్యలోకం గాలిని మరిచిపోయింది. ఇంటి స్థలం సంగతి పట్టణ ప్రణాళిక విభాగానికి వదిలేశాం. మాత్రల సంగతి మేము చూసుకున్నాం. రెండు శాఖలు అప్పటి నుంచి ఒకే రోగిని వేర్వేరుగా చూస్తున్నాయి.

తాండూరు: బండ, దుమ్ము, ఇల్లు

తాండూరు, బషీరాబాద్ ప్రాంతాల భూమి కింద పొరలు పొరలుగా సున్నపురాయి ఉంది. నీలం, పసుపు ఛాయల్లో దొరికే ఈ నాపరాళ్లు, షాబాద్ బండలకు దగ్గరి చుట్టాలు, దేశమంతటా ఇళ్ల నేలలకు వెళ్లాయి. ఎండలో చల్లగా ఉండే ఆ నేల మీద మనలో చాలామంది పాకి పెరిగినవాళ్లమే. అదే సున్నపురాయి ఆధారంగా కరన్‌కోట తదితర చోట్ల సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వేలాది కుటుంబాలకు ఈ రాయే అన్నం పెట్టింది. ఇప్పుడు నేను చెప్పబోయే మాటలను ఆ పరిశ్రమ మీద దూషణగా భావించవద్దు.

గనిలో తీసిన బండను కోసి, అంచులు చెక్కి, నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు చిన్నవి. ఒక షెడ్డు, రంపపు చక్రం, నీళ్ల తొట్టి, కరెంటు ఉంటే చాలు. అందువల్ల అవి ఊరి అంచున, రోడ్ల పక్కన సులభంగా మొలిచాయి. నీళ్లు పోస్తూ కోసినప్పుడు దుమ్ము తక్కువ లేస్తుంది. దానికి బదులు సుద్ద వంటి బురద వస్తుంది. ఆ బురదను పక్కన పోస్తారు. ఎండకు ఎండి, లారీ చక్రాల కింద నలిగి, అది గాలిలో కలుస్తుంది. అంటే నీటితో అణచిన దుమ్ము పదిరోజులు ఆలస్యంగా తిరిగి వస్తుంది.

ఊపిరితిత్తుల సంగతి చూద్దాం. పది మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు ముక్కు వెంట్రుకలను దాటిపోతాయి. రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్నవి గాలి గదుల దాకా వెళతాయి. సున్నపురాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. దాని దుమ్ము శ్వాసనాళాలను ఒరిపిడి పెట్టి దగ్గు, కఫం, ఆయాసం కలిగిస్తుంది. రాతి పొరను బట్టి అందులో సిలికా పాలు ఎంతో కొంత ఉంటుంది. సిలికా ఎక్కువయితే ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే సిలికోసిస్ వస్తుంది, క్షయ సోకే ముప్పు పెరుగుతుంది. చట్టం ప్రకారం సిలికోసిస్ కనిపిస్తే వైద్యుడు తప్పనిసరిగా తెలియజేయాలి. కానీ ఆ చట్టం కార్మికుడికి వర్తిస్తుంది. ప్రహరీ అవతల కాపురముండే ఇల్లాలికి వర్తించదు. ఆమెకు ఏదైనా రక్షణ ఉందంటే అది పట్టణ ప్రణాళిక పటంలోనే ఉండాలి.

నేను చదవని కాగితం

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పుకోవాలి. చెప్పడానికి ఇష్టంగా లేదు, కానీ చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

1980లలో ఆ ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. నలభై ఏళ్ల స్త్రీ ఒకరు నెలల తరబడి దగ్గుతో వచ్చేవారు. కఫం పరీక్ష మూడుసార్లు చేయించాను, క్షయ క్రిములు కనబడలేదు. ఎక్స్‌రేలో సందేహాస్పదమైన నీడ ఉంది. ఆ రోజుల్లో చాలామంది చేసినట్టే నేనూ క్షయ మందులు మొదలుపెట్టాను. ఆమె ఒక్క రోజు కూడా తప్పకుండా వాడారు. దగ్గు తగ్గలేదు. తరువాత కట్టెల పొయ్యి పొగ కారణమని రాశాను. ఆ ఊహలో కొంత నిజం ఉండవచ్చు. ఆమె వృత్తి అని ఉన్న చోట 'గృహిణి' అని రాసి ఊరుకున్నాను. ఇల్లు ఎక్కడ అని అడగలేదు.

రెండేళ్ల తరువాత వాళ్ల ఇంట్లో ముసలాయనకు పక్షవాతం వచ్చిందంటే చూడడానికి వెళ్లాను. ఇంటి వెనుక గోడ అవతల బండల మిషను. పెరట్లో మునగ చెట్టు ఆకులన్నీ తెల్లగా, పిండి చల్లినట్టు ఉన్నాయి. నేను అలా చూస్తూ నిలబడ్డాను. ఆమె నా చూపు గమనించి, "మేమొచ్చినప్పుడు గిదంత కందిచేనే సారూ. మిషిను ఎన్కకు పెట్టిండ్రు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు, నేను రాసిన మందుల చీటీలన్నీ తప్పు చిరునామాకు వేసిన ఉత్తరాలని అర్థమైంది.

కథ అక్కడితో ముగియలేదు. కొంతకాలానికి మరో పట్టణంలో ఉన్నప్పుడు, ఊరి అంచున కొంత వ్యవసాయ భూమిని నివాస వినియోగంలోకి మార్చుతున్నామని, అభ్యంతరాలు ఉంటే గడువులోగా తెలపాలని ఒక ప్రకటన వచ్చింది. కార్యాలయాల గోడలకు అతికించారు. మా ఆసుపత్రి నోటీసు బోర్డు మీద కూడా ఒక కాగితం కొద్ది రోజులు ఉంది. నేను రోజూ దాని ముందు నుంచే నడిచాను. చదవలేదు. ఆ భూమికి ఆనుకుని రాతి పని సాగుతోందని ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలిసినంతలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడ ఇళ్లు లేచాయి. తరువాత అదే వీధి నుంచి పిల్లలను దగ్గుతో నా దగ్గరికే తీసుకువచ్చారు. తప్పు ఎవరిదని వెతకను. ఆ ఊళ్లో ఆ కాగితం అర్థం తెలిసి ఉండవలసినవాణ్ణి నేను.

భూ వినియోగ మార్పు ఎలా జరుగుతుంది?

ఈ ప్రక్రియ పాఠకులకు తెలియడం అవసరం. మాస్టర్ ప్లాన్ అంటే పట్టణం రాబోయే ఇరవై ఏళ్లలో ఎలా పెరగాలో చూపే రంగుల పటం. సాధారణంగా పసుపు నివాసానికి, ఊదా పరిశ్రమకు, ఆకుపచ్చ పార్కులకు, పచ్చని భూములకు గుర్తు. ఒక స్థలం రంగు మార్చాలంటే యజమాని దరఖాస్తు చేయాలి. అది స్థానిక సంస్థ, పట్టణ ప్రణాళిక శాఖ మీదుగా ప్రభుత్వానికి వెళుతుంది. ముసాయిదా ప్రకటన గెజెట్‌లో వెలువడుతుంది. అభ్యంతరాలకు సాధారణంగా పదిహేను రోజుల గడువు ఇస్తారు. రుసుములు చెల్లించాక మార్పు ఖరారవుతుంది. అభివృద్ధి సంస్థల పరిధిలో ఇదే పని 1975 చట్టం కింద జరుగుతుంది. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి 2006లో వేరే చట్టం వచ్చింది.

నేను చూసిన ఫైళ్లలో రోడ్డు వెడల్పు, సర్వే నంబరు, రుసుము, హద్దులు అన్నీ ఉండేవి. గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది, పక్కన ఏ దుమ్ము లేస్తుంది, దగ్గరలో ఎందరు ఆయాసం రోగులున్నారు అన్న ప్రశ్నలకు గడి కనబడలేదు.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి ఇంకొకటి. 2015లోనూ 2020లోనూ ప్రభుత్వం వాటి క్రమబద్ధీకరణకు అవకాశమిచ్చింది. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలకపోయి ఉంటే, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం రుసుము కట్టాలని నిబంధన. పేదవాడు కష్టార్జితంతో కొన్న ప్లాటుకు చట్టబద్ధత రావడం న్యాయమే. దానిని నేను కాదనను. కానీ కోశాగారానికి చేరిన సొమ్ముతో అదే వీధిలో పిల్లలు ఆడుకునే మైదానం రాదు. చక్కెర వ్యాధి రోగికి రోజూ అరగంట నడవమని చీటీ మీద రాస్తాం. ఆయన నడవవలసిన చోటు ఆ లేఅవుట్‌లో అమ్ముడైపోయి ఉంటుంది.

ముందు ఎవరు వచ్చారు?

ఇటువంటి తగాదాల్లో తప్పక వినిపించే వాదన ఒకటుంది. "మిషను ముందే ఉంది, ఇళ్లు తరువాత వచ్చాయి" అని ఒకరు. "మేము ముందే ఉన్నాం, మిషను తరువాత వచ్చింది" అని ఒకరు. వైద్యం దృష్టిలో ఈ ప్రశ్నకు విలువ లేదు. ఊపిరితిత్తి ఎవరు ముందు వచ్చారో అడగదు.

విశాఖపట్నం సంఘటన మనకు గుర్తుండాలి. వెంకటాపురం దగ్గరి పాలిమర్ కర్మాగారం 1961లో మొదలైనప్పుడు అది ఊరికి దూరం. ఆరు దశాబ్దాల్లో ఇళ్లు దాని గోడల దాకా వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ వాయువు లీకై నిద్రలో ఉన్న జనాన్ని చుట్టుముట్టింది. పన్నెండు మంది మరణించారు. లీకు ఒక్క రాత్రి తప్పిదం. అక్కడ అందరూ నిద్రపోతూ ఉండడం అరవై ఏళ్ల తప్పిదం.

దీనికి భిన్నమైన ఉదాహరణ అనంతగిరి దిగువనే ఉంది. 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ ఉత్తర్వు ఇచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద నివాస సముదాయాలను నిషేధించింది. కొత్త లేఅవుట్లలో 60 శాతం భూమి ఖాళీగా, రోడ్లుగా ఉండాలన్నది. నగరం తాగే నీటి కోసం గ్రామాల భూమి మీద గీసిన గీత అది. దాని వల్ల జలాశయాలు మిగిలాయి. అదే సమయంలో ఆ గ్రామాల రైతులు పక్క ఊళ్లలో పెరిగిన భూమి ధరలను చూస్తూ పాతికేళ్లు గడిపారు. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వుతో ఆంక్షలు సడలించినప్పుడు వారిలో పలువురు సంతోషించడంలో ఆశ్చర్యం లేదు. నగరం ఆరోగ్యానికి గ్రామం మూల్యం చెల్లించినప్పుడు ఆ మూల్యాన్ని నగరం తిరిగి ఇవ్వాలి. అలా ఇవ్వని గీత ఎంత మంచిదైనా ఎక్కువ కాలం నిలవదు. పాత ఊరు–వాడల పాఠం ఇక్కడ కొత్త రూపంలో మళ్లీ కనబడుతుంది.

తాండూరుకు కూడా ఇదే వర్తిస్తుంది. యూనిట్లను ఊరి బయట ఒకే చోటికి తరలించడం వైద్యపరంగా మంచిదే. కానీ సైకిలు మీద పనికి వెళ్లే కూలీకి బస్సు లేకపోతే, అక్కడ నీళ్లు, ఆసుపత్రి లేకపోతే, అతడు తన కుటుంబాన్ని తీసుకుని ఆ కొత్త షెడ్ల పక్కనే గుడిసె వేసుకుంటాడు. అప్పుడు మనం దుమ్మును తరలించినట్టు కాదు, దుమ్ముతోబాటు పేదవారిని తరలించినట్టు.

పాఠకులు చేయదగినవి

జిల్లా ఏర్పడ్డాక వికారాబాద్ వేగంగా పెరుగుతోంది. కలెక్టరేటు వచ్చింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కంది పండే నేలల మీదకే వెంచర్ల జెండాలు వస్తున్నాయి. ఈ సమయంలో స్థలం కొనేవారు, ఉన్న ఊళ్లోనే ఉండేవారు ఈ క్రింది విషయాలు గమనించగలరు.

1. స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ వినియోగం కింద ఉందో మాత్రమే కాక, దాని నాలుగు వైపుల స్థలాలు ఏ వినియోగం కింద ఉన్నాయో కూడా అడగండి. పక్క స్థలం రంగే మీ ఊపిరితిత్తుల రంగును నిర్ణయిస్తుంది.

2. చలికాలపు ఉదయం ఒకసారి, వేసవి మధ్యాహ్నం ఒకసారి చూడండి. చలికాలంలో తెల్లవారుజామున గాలి కదలక దుమ్ము నేలకు దగ్గరగా నిలుస్తుంది. వానాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది.

3. చెట్ల ఆకుల మీద వేలితో రాసి చూడండి. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, కానీ ఖర్చులేని సూచన.

4. భూ వినియోగ మార్పు ప్రకటన కనబడితే చదవండి. పదిహేను రోజుల్లో ఒక తెల్లకాగితం మీద అభ్యంతరం రాసి ఇచ్చే హక్కు మీకుంది. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

5. దగ్గుతో వైద్యుడి దగ్గరికి వెళితే, అడగకపోయినా మీ ఇల్లు ఎక్కడో, పక్కన ఏముందో చెప్పండి.

6. వైద్య విద్యార్థులకు, యువ వైద్యులకు నా మనవి: రోగి వృత్తి రాసే గడి పక్కనే రోగి ఇంటి పొరుగు ఏమిటో రాయండి. ఆ కాగితాలు పోగుపడితే పట్టణ ప్రణాళిక శాఖ ముందు పెట్టగల సాక్ష్యం తయారవుతుంది.

చివరి మాట

ఫోను చేసిన పరిచయస్థులకు నేను ఇదే చెప్పాను. ఉదయం ఆరు గంటలకు వెళ్లి, అక్కడి ఆకుల మీద వేలు రాసి చూడమన్నాను. మర్నాడు ఆయన మళ్లీ ఫోను చేశారు. "వేలు తెల్లగా అయింది డాక్టరు గారూ" అన్నారు. కొంతసేపు మౌనం. తరువాత మెల్లగా, "కానీ మా దగ్గరున్న డబ్బుకు వచ్చేది అదొక్కటే. బయానా ఇచ్చేశాం" అన్నారు.

నేనేమీ అనలేకపోయాను. ఆయన తెలివితక్కువవారు కారు. నా సలహా తప్పూ కాదు. అయినా సలహా పనికిరాలేదు. మంచి గాలి ఉన్న స్థలాన్ని ఎంచుకోవడం కొనుగోలుదారుడి వివేకానికి వదిలేస్తే, మంచి గాలి డబ్బున్నవాడికే దక్కుతుంది. అందుకే ఆ నిర్ణయం ఊరంతా కలిసి, పటం మీద, ముందుగానే చేయాలి. ప్లేగు నాటి పెద్దలు ఆ చట్టం చేసినది అందుకే.

ఆ ఇంటి గృహప్రవేశానికి నన్ను పిలిచారు. వెళతాను. వెనుక గోడ వెంబడి నాటడానికి వేప, కానుగ మొక్కలు తీసుకువెళతాను. అవి కొంత దుమ్మును ఆపుతాయి. మిగిలినదాన్ని ఆపడం మొక్కల వల్ల కాదు. ఈసారి ఆ వీధికి సంబంధించిన ప్రకటన ఏది వచ్చినా నాకు తెలియజేయమని చెప్పాను. చదువుతాను.